చిన్న వ్యాపారికి వెబ్‌సైటు: ఖర్చు పద్దు ఎలా వ్రాసుకోవాలి?

ఇది సమాచార యుగమని సభల్లోనూ, ఉపన్యాసాల్లోనూ తరచు వింటూంటాం. 1989లో టిమ్ బెర్నర్స్-లీ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త, శాస్త్రజ్ఞులు తమ పరిశోధన కాగితాలను సులువుగా ఇచ్చి పుచ్చుకునేందుకని సెర్న్ పరిశోధనశాలలో ప్రతిపాదించిన ఏర్పాటే ఇవాళ్టి వెబ్. దాన్ని ఎవరైనా రుసుము చెల్లించకుండా వాడుకోవచ్చని 1993 ఏప్రిల్ 30న సెర్న్ ప్రకటించింది. మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా అందుబాటులోకి వచ్చింది. వెబ్‌కి రుసుము లేదన్న మాట నిజమే గాని, అందులో సొంతంగా ఒక కొట్టు పెట్టుకోవాలంటే మాత్రం ఖర్చు తప్పదు. ఆ ఖర్చు ఎన్ని రకాలు, ఎంత అవుతుంది, పెట్టిన డబ్బు తిరిగి రావాలంటే ఎంత బేరం జరగాలి అన్నవి ఈ వ్యాసంలో వివరించ ప్రయత్నిస్తాను.

నేను సైన్సు విద్యార్థినిని. వ్యాపారం నా సబ్జెక్టు కాదు. మాది కూచిపూడిలో వ్యవసాయ కుటుంబం. అయినా ఈ విషయం ఎందుకు ఎత్తుకున్నానంటే, మన కృష్ణా జిల్లాలో చేతిపని చేసుకునేవారికి, వాళ్ళ సరుకు కొనేవారికి నడుమ దూరం మొదటినుంచీ ఎక్కువే. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టింది. మన అద్దకపు బట్టలు ఓడలెక్కి దూరదేశాలు వెళ్ళాయి. అద్దకం వేసినవాడికి ఆ గుడ్డ కట్టుకున్నవాళ్ళెవరో తెలియదు. కట్టుకున్నవాళ్ళకు వీడి పేరు తెలియదు. మధ్యవాళ్ళకు ఇద్దరూ తెలుసు, లాభమూ వాళ్ళదే. నేడు పెడన కలంకారీకైనా, బందరు రోల్డుగోల్డు నగలకైనా, మా ఊళ్ళో కుట్టే నాట్య దుస్తులకైనా కొనేవారు తిన్నగా పనివాడి దగ్గరికే రావడానికి వెబ్‌సైటు ఒక దారి. దారి మంచిదే. కాని లెక్క తెలియకుండా దిగితే చేతిలో ఉన్నది కూడా పోతుంది.

ఒక ఉదాహరణ

మా ఊరు చిన్నదే అయినా ఊరి పేరు నాట్యంతోపాటు దేశాలు తిరిగింది. వెంపటి చినసత్యం గారు 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించిన తరువాత ఈ నాట్యం నేర్చుకునేవారు ఎక్కడెక్కడికో విస్తరించారు. 2016 డిసెంబరులో విజయవాడలో జరిగిన అంతర్జాతీయ కూచిపూడి సమ్మేళనంలో ఆరువేలమందికి పైగా కలిసి నర్తించారు. ఇంతమందికీ ఆహార్యం కావాలి. ముందు విసనకర్రలా విచ్చుకునే కుచ్చిళ్ళు, జడ, సూర్యచంద్రులు, వడ్డాణం, గజ్జెలు. వీటిలో ఏ ఒక్కటీ ఏదో ఒక కొలతతో బజార్లో కొనేసేది కాదు. దుస్తులు ముఖ్యంగా మనిషి కొలతకు కుట్టవలసినవి.

మా ఊళ్ళో ఈ దుస్తులు కుట్టే దర్జీ ఒకాయన ఉన్నారు. వరసకు నేను మావయ్యా అని పిలుస్తాను. కొన్నేళ్ళ క్రితం ఒక కుర్రవాడు వచ్చి వెబ్‌సైటు కట్టి పెడతానని చెప్పి, అడిగినంత తీసుకుని కట్టిపెట్టాడు. బాగానే ఉండేది. మావయ్య ఆ వెబ్‌సైటు పేరు విజిటింగు కార్డుల మీద అచ్చు వేయించారు, దుస్తుల లోపలి లేబుళ్ళ మీద కూడా కుట్టించారు. తరువాత ఆ కుర్రవాడు ఎక్కడో ఉద్యోగానికి వెళ్ళిపోయాడు. ఒకరోజు అమెరికా నుంచి ఒక పాత ఖాతాదారు ఫోను చేసి, "మీ పేరు కొడితే ఇంకేదో వస్తోందండీ" అన్నారు. నన్ను చూడమన్నారు.

"మావయ్యా, ఆ పేరు ఎవరి పేరున రిజిస్టరయి ఉంది?" అని అడిగాను.

"అన్నీ నేనే చూసుకుంటానన్నాడమ్మా. ఏటా డబ్బు కట్టాలని నాకేం తెలుసు?" అన్నారు.

గడువు తీరబోతోందన్న హెచ్చరికలన్నీ ఆ కుర్రవాడి మెయిలుకు వెళ్ళాయి. ఎవరూ కట్టలేదు. గడువు దాటింది, ఆ పేరు వేరెవరో కొనుక్కున్నారు. లేబుళ్ళ మీద కుట్టిన పేరు పరాయివాళ్ళదయింది. ఇప్పుడు మళ్ళీ కొత్తగా పెట్టాలా వద్దా అన్న ప్రశ్న వచ్చింది. అప్పుడు ఇద్దరం కూర్చుని వేసిన లెక్కే ఈ వ్యాసానికి ఆధారం.

ముందు అవసరం, ఆ తరువాతే అంచనా

ఇల్లు కట్టేవాడు ముందు ఎన్ని గదులు కావాలో చెప్పుకుని, తరువాత ఇటుకల లెక్క వేస్తాడు. వెబ్‌సైటుకూ అంతే. "ఒక వెబ్‌సైటు ఎంతవుతుంది?" అని అడిగితే జవాబు ఉండదు. ఐదువేలనీ అనవచ్చు, ఐదు లక్షలనీ అనవచ్చు. అది మన కోసం చేయవలసిన పని ఏమిటో ముందు ఒక కాగితం మీద వ్రాసుకోవాలి.

మావయ్య చేత అలా వ్రాయిస్తే నాలుగు పనులు తేలాయి. కుట్టిన దుస్తుల ఫోటోలు చూపించాలి. ధర, ఎన్ని రోజుల్లో కుడతారో చెప్పాలి. నడుము, ఛాతీ, ఎత్తు మొదలైన కొలతలు ఎలా తీసుకోవాలో బొమ్మతో చూపి, ఆ కొలతలు నింపి పంపే కాగితం ఒకటి ఉండాలి. బయానా కట్టే వీలుండాలి. ఇంతే. ఎగిరే అక్షరాలు, తెరిచీ తెరవగానే మోగే పాట ఇందులో లేవు. కాలిఫోర్నియాలో వేసవిలో రాత్రి తొమ్మిదయితే మనకు మర్నాడు ఉదయం తొమ్మిదిన్నర. వాళ్ళు మేలుకున్నప్పుడు మనం నిద్రపోతుంటాం, మనం మేలుకున్నప్పుడు వాళ్ళు నిద్రపోతుంటారు. కొలతల కాగితం సరిగా ఉంటే అర్ధరాత్రి ఫోన్లు తప్పుతాయి. కాబట్టి డబ్బు పెట్టవలసింది ఆ కాగితం మీద.

పద్దులో ఉండవలసిన ఖర్చులు

1. పేరు. దీన్నే డొమైన్ అంటారు. డాట్ కామ్, డాట్ ఇన్ పేర్లు సుమారు వెయ్యి రూపాయల లోపో, కాస్త పైనో ఏడాదికి దొరుకుతాయి. డాట్ ఇన్ పేర్ల వ్యవహారం నిక్సీ అనే సంస్థ చూస్తుంది. ఇక్కడ రెండు సంగతులు గమనించాలి. మొదటి ఏడాది ధర చవగ్గా చూపించి, రెండో ఏడాది నుంచి అసలు ధర వేయడం పరిపాటి. అందుచేత అడగవలసింది పునరుద్ధరణ ధర. ఇక రెండోది మరీ ముఖ్యం: పేరు మన పేరున, మన మెయిలుతో, మన ఫోను నంబరుతో రిజిస్టరు కావాలి. కట్టేవాడి పేరున కాదు. డాట్ కామ్ పేరు గడువు దాటితే, రిజిస్టరు చేసిన కంపెనీని బట్టి 45 రోజుల దాకా మామూలుగా కట్టుకోవచ్చు. ఆ తరువాత 30 రోజులు ఎక్కువ రుసుముతో విడిపించుకోవచ్చు. ఆపైన 5 రోజులు గడిస్తే ఎవరైనా కొనుక్కోవచ్చు. మన సుప్రీంకోర్టు 2004లో సత్యం ఇన్ఫోవే, సిఫీనెట్ సంస్థల మధ్య నడిచిన కేసులో, డొమైన్ పేరుకు కూడా వ్యాపార చిహ్నానికి ఉన్నటువంటి రక్షణ ఉంటుందని చెప్పింది. కాని కోర్టుకెక్కే స్తోమత దర్జీకి ఎక్కడిది? ఏటా వెయ్యి రూపాయలు తప్పక కట్టుకోవడమే చవక.

2. చోటు. మన ఫోటోలు, రాతలు దాచి ఉంచే కంప్యూటరులో అద్దె స్థలం, అనగా హోస్టింగ్. చిన్న వ్యాపారానికి ఏడాదికి మూడు నాలుగు వేలలో సరిపోతుంది. ఈ ఖర్చు మీద మనకు కొంత పట్టు ఉంది. మచ్చుకు, ఇవాళ్టి ఫోనుతో తీసిన ఫోటో ఒక్కొక్కటి 4 మెగాబైట్లు ఉందనుకుందాం. ఇరవై ఫోటోలంటే 80 మెగాబైట్లు. నెలకు వెయ్యిమంది చూస్తే 80 గిగాబైట్లు సర్వరు నుంచి పంపాలి. అదే ఫోటోను తెరకు సరిపోయేలా కుదించి 200 కిలోబైట్లు చేస్తే, ఇరవైకీ కలిపి 4 మెగాబైట్లు, వెయ్యిమందికి 4 గిగాబైట్లు. భారం ఇరవయ్యోవంతుకు తగ్గింది. చూసేవాడి ఫోనులో త్వరగా తెరుచుకుంటుంది కూడా. కుదించడానికి డబ్బేమీ పెట్టక్కర్లేదు, ఒక సాయంత్రం ఓపిక చాలు.

3. నిర్మాణం. 2003లో వచ్చిన వర్డ్‌ప్రెస్ వంటి ఉచిత సాఫ్ట్‌వేరు మీద కట్టించుకుంటే, డబ్బు సాఫ్ట్‌వేరుకు కాదు, మనిషి పనికి ఇస్తాం. మొదటినుంచీ చేతితో వ్రాయించుకుంటే ఎక్కువవుతుంది, తరువాత మరొకరికి అర్థం కాకపోయే ప్రమాదమూ ఉంది.

4. ఫోటోలు, రాతలు. మనవాళ్ళు అందరూ మరిచిపోయే పద్దు ఇదే. గోడలు కట్టి కొట్లో సరుకు పెట్టకపోతే ఎలా ఉంటుందో, ఫోటోలు లేని వెబ్‌సైటు అలా ఉంటుంది. పట్టు మీద జరీ మెరుపు, అంచు రంగు సరిగా కనిపించేలా పగటి వెలుతురులో ఫోటోలు తీయించాలి. తెలుగులో, ఇంగ్లీషులో తప్పుల్లేకుండా వివరాలు వ్రాయించాలి. నిర్మాణానికి పెట్టేదాంట్లో మూడోవంతైనా దీనికి ఉంచుకోవాలని నా అభిప్రాయం.

5. తాళం. కొనేవారి వివరాలు దారిలో ఎవరూ చదవకుండా చేసే ధ్రువపత్రం ఒకటుంటుంది. అడ్రసు పక్కన తాళం గుర్తు చాలామంది చూసే ఉంటారు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ దీన్ని కొన్నేళ్ళుగా ఉచితంగా ఇస్తోంది. హోస్టింగ్ కంపెనీలు చాలావరకు అద్దెలోనే కలిపి ఇస్తాయి. దీనికంటూ విడిగా వేలకు వేలు బిల్లు వేస్తే ఎందుకని అడగాలి.

6. డబ్బు వసూలు. 2016లో మొదలైన యుపిఐ మీద దుకాణదారు నుంచి బ్యాంకులు తీసుకునే ఎండీఆర్ రుసుమును 2020 జనవరి నుంచి ప్రభుత్వం తీసేసింది. కార్డులకు మాత్రం గేట్‌వే కంపెనీ సుమారు రెండు శాతం, దానిమీద 18 శాతం జీఎస్టీ పట్టుకుంటుంది. విదేశీ కార్డులకు ఇంకా ఎక్కువ. ఇది ఏడాదికోసారి వచ్చే ఖర్చు కాదు. ప్రతి బేరం మీదా పడుతుంది గనుక లాభంలోంచి తీసేసి చూసుకోవాలి.

7. చట్టం, పన్ను, రవాణా. సొంత వెబ్‌సైటులో అమ్మేవారు తమ పేరు, చిరునామా, ఫోను, ఫిర్యాదులు చూసే మనిషి పేరు, సరుకు వాపసు తీసుకునే నియమాలు స్పష్టంగా ప్రకటించాలని 2020 నాటి ఈ-కామర్స్ వినియోగదారుల రక్షణ నియమాలు చెబుతున్నాయి. ఇతర రాష్ట్రాలకు అమ్మితే జీఎస్టీ రిజిస్ట్రేషను సంగతి వస్తుంది. చేతిపని వస్తువులకు కొన్ని మినహాయింపులున్నాయి. మన సరుకు అందులోకి వస్తుందా రాదా అన్నది ఒక్కసారి ఆడిటరుకు ఫీజిచ్చి తెలుసుకోవడం మేలు. విదేశాలకు పంపాలంటే ఎగుమతి దిగుమతి కోడు కావాలి, దానికి ప్రభుత్వ రుసుము 500 రూపాయలు.

8. మరమ్మత్తు. డెల్టాలో పుట్టినవాళ్ళకు ఇది ప్రత్యేకంగా చెప్పనక్కర లేదు. 1850లలో బెజవాడ దగ్గర కట్టిన ఆనకట్ట వందేళ్ళు నీరిచ్చి 1952లో తెగింది, దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చింది. బ్యారేజి ఉన్నంత మాత్రాన చివరి చేనుకు నీరు చేరదు. ఏటేటా కాలువ పూడిక తీయాలి, తూడు పీకాలి, గట్టు చూసుకోవాలి. వెబ్‌సైటు కూడా అంతే. సాఫ్ట్‌వేరు ఎప్పటికప్పుడు కొత్తది వేయకపోతే దొంగలు దూరుతారు. మొత్తానికి ఒక నకలు వేరేచోట దాచుకోకపోతే ఒక్కరోజులో అంతా పోవచ్చు. ధరలు మారితే మార్చాలి.

9. అనుకోని ఖర్చు. నూటికి పదైనా ఉంచుకోవాలి. 2025 ఆగస్టులో అమెరికా 800 డాలర్ల లోపు పొట్లాలకు అంతవరకూ ఉన్న సుంకం మినహాయింపు ఎత్తేసింది. మన తపాలా శాఖ కొన్ని వారాలపాటు అక్కడికి పార్సిళ్ళు తీసుకోవడమే చాలావరకు ఆపి, అక్టోబరులో మళ్ళీ మొదలుపెట్టింది. ఇలాంటిది జరిగినప్పుడు బేరాలు ఆగుతాయి గాని అద్దెలు ఆగవు.

మూడేళ్ళ అంచనా

ఒక్క ఏడాదికి లెక్క వేస్తే మోసపోతాం. కనీసం మూడేళ్ళకు వేయాలి. ఈ క్రింది అంకెలు ఉజ్జాయింపు మాత్రమే. చదువరులు తమ ఊళ్ళో అడిగి తెలుసుకున్న ధరలు వేసుకోవచ్చు.

మొదట ఒకసారి పెట్టేవి:
నిర్మాణం – 20,000
ఫోటోలు, రాతలు – 8,000
వెరసి – 28,000

ఏటేటా పెట్టేవి:
పేరు – 1,000
చోటు – 4,000
మరమ్మత్తు, నకలు – 6,000
కొత్త ఫోటోలు – 4,000
వెరసి – 15,000, మూడేళ్ళకు 45,000

రెండూ కలిపి 73,000. అనుకోని ఖర్చు నూటికి పది చొప్పున 7,300. మొత్తం 80,300 రూపాయలు.

ఇందులో నిర్మాణం ఇరవైవేలు, అంటే నాలుగోవంతు మాత్రమే. "ఇరవైవేలకు వెబ్‌సైటు" అని విన్నవాడు మిగతా అరవైవేలు ఎక్కడినుంచి తెస్తాడో ఆలోచించుకోడు. రెండో ఏడాదికి మూతపడే వెబ్‌సైటుల కథ ఇదే.

రైతు లెక్క

ఇక్కడ నాకు మా నాన్నగారి పద్దు పుస్తకం గుర్తొచ్చింది. విత్తనాలు, ఎరువులు, పురుగుమందు, నాట్ల కూలి, కోత మిషను బాడుగ అన్నీ పైసలతో సహా వ్రాస్తారు. తెల్లవారుజామున నీరు పెట్టడానికి వెళ్ళిన తన కష్టం, మా అమ్మ కలుపు తీసిన రోజులు అందులో ఎక్కడా ఉండవు. అందుకే కాగితం మీద ఏటా ఎంతో కొంత లాభం కనిపిస్తుంది, ఇంట్లో మాత్రం కనిపించదు.

కేంద్ర ప్రభుత్వానికి మద్దతు ధరలు సూచించే వ్యవసాయ వ్యయాలు, ధరల కమిషన్ ఈ ఖర్చును మెట్లుగా విడదీసి చూపుతుంది. రైతు చేతినుంచి వెళ్ళిన ఖర్చు ఎ2. దానికి ఇంటివాళ్ళ శ్రమ విలువ కలిపితే ఎ2+ఎఫ్‌ఎల్. దానికి సొంత భూమి కౌలు, సొంత పెట్టుబడి మీద వడ్డీ కూడా కలిపితే సి2. స్వామినాథన్ గారి అధ్యక్షతన 2004–06 మధ్య పనిచేసిన జాతీయ రైతు కమిషన్ ఉత్పత్తి ఖర్చు మీద కనీసం యాభై శాతం అదనంగా ఇవ్వాలని సిఫారసు చేసింది. ఆ ఖర్చు అంటే సి2 అనుకోవాలా, ఎ2+ఎఫ్‌ఎల్ అనుకోవాలా అన్నదే ఇప్పటికీ రైతు సంఘాలకు, ప్రభుత్వానికి మధ్య తగవు. ఈ కొలబద్దను వెబ్‌సైటుకు ఎందుకు పెట్టకూడదు?

పైన వచ్చిన 80,300 మన ఎ2.

వెబ్‌సైటు వచ్చాక ఉత్తరాలకు జవాబులు వ్రాయాలి, ఫోటోలు మార్చాలి, కొలతలు సరిచూడాలి. వారానికి మూడు గంటలు అనుకుంటే మూడేళ్ళకు 468 గంటలు. గంటకు 75 రూపాయలు వేసినా 35,100. కలిపితే ఎ2+ఎఫ్‌ఎల్ 1,15,400.

మొదట పెట్టిన 28,000కు నూటికి పన్నెండు చొప్పున మూడేళ్ళ బారువడ్డీ 10,080. కలిపితే సి2 1,25,480.

ఎన్ని దుస్తులు అమ్ముడుపోవాలి?

ఒక దుస్తుల జత ధర 6,000 అనుకుందాం. పట్టు, లైనింగు, కుట్టుకూలి పోను మిగిలేది 1,500. కార్డు మీద కడితే రెండు శాతం 120 రూపాయలు, దానిమీద జీఎస్టీ 21 రూపాయల 60 పైసలు. పోగా మిగిలేది 1,358 రూపాయల 40 పైసలు. పంపే ఖర్చు కొనేవారిదే.

ఎ2 మాత్రం రాబట్టాలంటే మూడేళ్ళలో 60 జతలు కావాలి, ఏడాదికి 20.
ఎ2+ఎఫ్‌ఎల్ రాబట్టాలంటే 85 జతలు.
సి2 రాబట్టాలంటే 93 జతలు, ఏడాదికి 31.

ఇవి అసలు నష్టం రాకుండా ఉండటానికే. లాభం ఆ తరువాత సంగతి. పైగా ఇవన్నీ అదనపు బేరాలు కావాలి. నాట్యం నేర్పే గురువుల ద్వారా ఎలాగూ వచ్చే ఖాతాదారు వెబ్‌సైటు చూసి డబ్బు కడితే అది వెబ్‌సైటు తెచ్చిన బేరం కాదు. ఉన్న బేరాన్నే కొత్త ఖాతాలో వ్రాసుకున్నట్లు.

ఈ అంకెలు చూపించాక మావయ్య కాసేపు మాట్లాడలేదు. తరువాత అడిగిన ప్రశ్న నా లెక్కలో ఎక్కడా లేనిది. "ఏడాదికి ముప్ఫై ఎక్కువ వస్తే సంతోషమే. కుట్టేదెవరమ్మా? నా దగ్గరున్నవి రెండు మిషన్లు. పండగల ముందు ఉన్నవే అందించలేకపోతున్నాను" అన్నారు. నిజమే గదా! బేరం పెరిగితే మూడో మిషను, ఇంకో మనిషి కావాలి. ఆ ఖర్చు కూడా ఈ పద్దులోకే రావాలి. ఒప్పుకున్న రోజుకు అందించలేకపోతే రంగప్రవేశం పెట్టుకున్న పిల్ల దుస్తులు లేకుండా నిలబడుతుంది. పోయిన ఆ మంచిపేరు ఏ వెబ్‌సైటూ తిరిగి తేదు. కాబట్టి వెబ్‌సైటు అంచనా వేసేవారు "ఎంతమందికి తెలుస్తుంది" అన్న ప్రశ్నతోపాటు "ఎంతమందికి అందించగలం" అన్నది కూడా వేసుకోవాలి.

ఉచితం సంగతి

"ఇవన్నీ ఎందుకు, ఉచితంగా దొరుకుతున్నాయి కదా" అని మిత్రులు అడుగుతారు. దొరుకుతున్నాయి, వాడుకోవాలి కూడా. 2018లో మన దేశంలోకి వచ్చిన వాట్సాప్ బిజినెస్‌లో సరుకుల పట్టిక పెట్టుకోవచ్చు. గూగుల్ పటంలో కొట్టు పేరు ఎక్కించుకోవచ్చు. వీటికి డబ్బు లేదు.

అయితే ఉచితం అంటే నోటిమాట కౌలు. యజమాని ఎప్పుడు వద్దంటే అప్పుడు చేను వదిలి వెళ్ళాలి. 1990లలో లక్షలమంది తమ పేజీలు పెట్టుకున్న జియోసిటీస్‌ను యాహూ 1999లో కొని, 2009 అక్టోబరులో మూసేసింది. చిన్న కొట్లవాళ్ళు తమ వివరాలతో ఉచితంగా తయారు చేసుకునే వెబ్‌సైటులను గూగుల్ కొన్నేళ్ళు నడిపి, 2024 మార్చిలో ఆపేసింది. ఆ అడ్రసులే కార్డుల మీద అచ్చు వేయించుకున్నవాళ్ళు మళ్ళీ అచ్చు వేయించుకోవలసి వచ్చింది. పేరు మనదై ఉంటే ఈ బాధ ఉండదు. ఇవాళ ఉచిత స్థలంలో ఉన్నా, రేపు అద్దె స్థలానికి మారినా పేరు అదే ఉంటుంది, కొనేవాడికి మార్పు తెలియదు. అందుచేత చోటు ఉచితమైతే కావచ్చు గాని, పేరు మాత్రం కొనుక్కోవాలి.

కట్టేవారితో కాగితం

మేస్త్రీతో మాట్లాడుకున్నట్టే వెబ్‌సైటు కట్టేవారితోనూ ముందే మాట్లాడుకుని వ్రాసుకోవాలి. ముఖ్యమైనవి ఇవి:

1. పేరు, చోటు రెండూ యజమాని మెయిలు మీద, యజమాని డబ్బుతో నేరుగా కొనాలి.
2. అన్ని పాస్‌వర్డులు యజమాని దగ్గర వ్రాసి ఉండాలి. పట్టాదారు పాసుపుస్తకం ఉన్న పెట్టెలోనే ఆ కాగితం కూడా ఉంచుకోవాలి.
3. పని పూర్తి కాగానే మొత్తం వెబ్‌సైటు నకలు ఒకటి యజమానికి ఇవ్వాలి.
4. డబ్బు మూడు వాయిదాల్లో ఇవ్వాలి. మొదట కొంత, ఫోనులో తెరిచి చూపించాక కొంత, ధర మార్చడం, ఫోటో పెట్టడం యజమానికి నేర్పాక మిగతాది.
5. తరువాత ఏటా మరమ్మత్తుకు ఎంత, అందులో ఏ పనులు వస్తాయి అన్నది ముందే తేల్చుకోవాలి.
6. పేరు గడువు తేదీ గోడ క్యాలెండరు మీద ఎర్ర సిరాతో వ్రాసుకోవాలి.

చివరికి ఏం చేశాం?

ఎనభైవేల పద్దు పక్కన పెట్టి ముందు చిన్న మెట్టు ఎక్కాలని మావయ్య నిర్ణయించారు. కొత్త పేరు ఆయన మెయిలుతోనే, ఆయన చేతనే కొనిపించాను. మూడేళ్ళకు 3,000. మంచి ఫోటోలకు 5,000. వెరసి ఎనిమిదివేలు. చోటు ప్రస్తుతానికి ఉచితమైనదే. ఒకే పేజీ, కొలతల కాగితం, ఫోను నంబరు. డబ్బు యుపిఐ ద్వారానో, బ్యాంకు ద్వారానో తీసుకుంటారు. కార్డు రుసుము లేదు గనుక జతకు 1,500 మిగిలితే, ఆరు అదనపు బేరాలతో చేతి ఖర్చు వస్తుంది. వారానికి ఒక గంట ఆయన శ్రమ కూడా కడితే 11,700 కలిసి 19,700 అవుతుంది, అప్పుడు పద్నాలుగు కావాలి. మూడేళ్ళలో పద్నాలుగంటే రెండు మిషన్ల మీద కుట్టగలిగేవే. ప్రతి కొత్త ఖాతాదారునూ "మా సంగతి మీకెలా తెలిసింది?" అని అడిగి ఒక నోటు పుస్తకంలో వ్రాసుకుంటున్నారు. ఆ పుస్తకంలో వెబ్‌సైటు పేరు తగినన్నిసార్లు కనిపించిన రోజున మూడో మిషను, దానితోపాటు పెద్ద వెబ్‌సైటు సంగతి ఆలోచిస్తామన్నారు.

తోటి విద్యార్థులకు ఒక మనవి. మనలో చాలామందికి వెబ్‌సైటు కట్టడం వచ్చు, ఇంకా చాలామంది నేర్చుకుంటున్నారు. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు మన ఊళ్ళో అద్దకం వేసేవారో, నగలు చేసేవారో, పచ్చళ్ళు పెట్టేవారో, దుస్తులు కుట్టేవారో అడిగితే కట్టి ఇవ్వడం మంచిదే. కట్టేముందు ఒక గంట కూర్చుని వాళ్ళతో ఈ పద్దు వ్రాయించండి. పేరు వాళ్ళ చేతనే కొనిపించండి. పాస్‌వర్డు వాళ్ళ చేతికి ఇచ్చి రండి. ఆ ఎనిమిదివేలైనా, ఎనభైవేలైనా వాళ్ళు మిషను మీద వంగి సంపాదించినవి. లెక్క చూసి వద్దనుకుంటే అది కూడా మనం చేసిన సాయమే అవుతుంది.